చచ్చిన కర్ర

పోల్‌వాల్ట్ ఎంపిక పోటీలో మూడున్నర మీటర్ల దగ్గర ఇళవేణికి రెండుసార్లు కడ్డీ రాలింది. ఇంకొక్క అవకాశమే మిగిలింది. అదీ పోతే తమిళనాడు జట్టులో చోటు లేనట్టే. ఏరికోరి తెప్పించుకున్న కొత్త కర్ర రెండుసార్లూ ఆమెను వచ్చిన దారినే వెనక్కి విసిరింది. గట్టి కర్ర అంతే, దూకే మనిషిలో ఒడుపు లేకపోతే వంగనంటే వంగదు.

ఆ మాట కోచ్ చెల్లదురై మాస్టారు ఆరు నెలల క్రితమే చెప్పాడు. "ఎగిరేముందు చివరి అడుగు గీత దాటి జానెడు లోపల పడుతోందే తల్లీ. ముందు కాలు సరిచేసుకో, కర్ర సంగతి తర్వాత చూద్దాం."

వింటేగా! "ఇది చచ్చిన కర్ర సార్, దీన్లో జీవం లేదు" అని వాదించింది. "ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట" అని ఆయన నవ్వేసరికి ఒళ్ళు మండింది. పాళయంకోట మైదానంలో అందరూ చదివేలా తెల్ల టేపు మీద 'చచ్చిన కర్ర' అని రాసి దానికి అంటించింది. అంతటితో ఆగిందా? మాస్టారు పాత సామానుతో పిల్లల భవిష్యత్తు పాడుచేస్తున్నాడని క్రీడాసంఘానికి ఉత్తరం రాసింది. కొత్తది వచ్చింది. పాతది పొన్మణి పేర రాసి ఇచ్చేశారు.

పొన్మణి కానిస్టేబులు. బిడ్డ పుట్టిన మూడేళ్ళకు, కర్ర భుజానేసుకుని మళ్ళీ మైదానంలో అడుగుపెట్టింది. "కావడి మోయడానికొచ్చారమ్మా అత్తగారు!" అని ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది ఇళవేణే. పొన్మణి రోజూ డ్యూటీకి ముందు వచ్చి, మాస్టారు సున్నంతో గీసిన గీత మీద చివరి అడుగు వెయ్యడమొక్కటే సాధన చేసింది. ఇందాక ఆ చచ్చిన కర్రతోనే మూడున్నర మొదటిసారికే దాటేసింది.

ఒకరి కర్ర ఇంకొకరు వాడాలంటే వాళ్ళు ఒప్పుకోవాలి. అది పోటీ నియమం. ఇళవేణి పొన్మణి దగ్గరికి నడిచింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

"అక్కా... ఈ ఒక్కసారికి నీ కర్ర ఇస్తావా?"

"తీస్కోవే. దానికింత నసుగుడెందుకు?"

టేపు ఇంకా దాని మీదే ఉంది.

"ఇది పీకెయ్యలేదేం అక్కా?"

"ఎగురుతోందిగా! పేరేదైతే నాకేం?"

ఎత్తిపొడుపేం కాదు, మామూలుగానే అంది. అందుకే మరీ గుచ్చుకుంది.

ఇళవేణి పరుగెత్తింది. కర్ర చక్కగా వంగింది, ఎప్పుడూ వంగినట్టే. కాలు మాత్రం జానెడు లోపలే పడింది. గాల్లోకి లేవకముందే ఆమెకు తెలిసిపోయింది. రొమ్ము తగిలి కడ్డీ రాలింది, ఎర్రజెండా లేచింది.

పరుపు దిగి, కర్ర పక్కన కూలబడి గోళ్ళతో టేపు గీకడం మొదలుపెట్టింది. ఎండకు మాడిపోయిందేమో, పీలికలు పీలికలుగా వస్తోంది. మాస్టారు వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఆ ఉత్తరం..."

"చదివాన్లే. దస్తూరీ బాగుంది. రేపు పొద్దున ఆరింటికి రా. కర్ర తేవద్దు, కాళ్ళు తెచ్చుకో చాలు."

ఇళవేణి తలెత్తకుండానే సరేనంది.