లైట్ తీస్కో

నైట్ షిఫ్టు చేసొచ్చిన మొగుడు పడుకున్న ఇంట్లో కుక్కరు కూత పెట్టకూడదు. అందుకని ఆ వారమంతా రజనీకుమారి అన్నం గిన్నెలో వండి గంజి వారుస్తుంది. మిక్సీ వెయ్యకూడదు, రోట్లో నూరితే చప్పుడు, కాబట్టి పచ్చడే లేదు. కిటికీలన్నిటికీ మందపాటి నల్ల కర్టెన్లు. లైటు వేస్తే తలుపు కిందనుంచి గదిలోకి పోతుందట. "నా కొడుకు రాత్రంతా నిప్పుల కాడ నిలబడొచ్చేడే. ఆడికి చీకటి కావాల," అంటుంది అత్తగారు సింహాచలమ్మ. నిజమే పాపం, స్టీలు ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనంటే మాటలా? కానీ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి, గొంతు ఆరిపోయి వచ్చి, ఆ చీకట్లోనే కూరలు తరుక్కోవాల్సిన మనిషికి ఏం కావాలో ఆ సెక్టర్ 7 కంపెనీ క్వార్టర్లో ఇంతవరకూ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

వంటింటి కర్టెను ఒక పక్క కురచ. అక్కణ్ణుంచి బెత్తెడు వెలుతురు పడుతుంది. ఆవిడ స్కూలు నుంచి వచ్చేసరికి స్టవ్వు గట్టు మీద ఉంటుంది, కూర ఉడికేసరికి గడప దగ్గరికి జరుగుతుంది. కత్తిపీట పట్టుకుని రజనీకుమారి దాని వెనకాలే జరుగుతుంది. అలా జరిగి జరిగి, ఆ వెలుతురు ఎక్కడ పదునుగా ఉంటుందో, ఎక్కడ పలచబడుతుందో, స్టీలు పళ్లెం అడ్డం పెడితే ఎదురు గోడకి ఎలా ఎగబాకుతుందో అంతా ఒంటబట్టింది. అదో విద్య అని ఆవిడకి తెలీదు. గతిలేక నేర్చుకున్నదాన్ని విద్య అని ఎవరు మాత్రం అనుకుంటారు?

ఒకరోజు ఆ వెలుతురులో అత్తగారు పీట వేసుకుని రేషను బియ్యం చెరుగుతోంది. తవుడు లేచి, గాల్లో పసుపు చల్లినట్టు తేలింది. ముసలావిడ ముఖంలో సగం, ఒక చెయ్యి, చేట అంచు, అంతే కనబడుతున్నాయి. మిగతా ఇల్లంతా చీకటి. రజనీకుమారి చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోను తీసింది. అది తెలివిమీరి చీకటినంతా తెల్లగా చేసెయ్యబోయింది. ఆవిడ తెర మీద చేట దగ్గర వేలు పెట్టి వెలుగు తగ్గించింది. చీకటిని చీకటిగానే ఉండనిచ్చి ఫొటో తీసింది.

"ఏటే, అంట్లు అలగుండగా ఆ ఫోనేటి నీకు?" అంది అత్తగారు చెరగడం ఆపకుండా.

కాలేజీ నుంచి వచ్చిన కూతురు అమ్ము ఆ ఫొటో చూసి, "మమ్మీ, క్యా లైట్ హై యార్!" అని అలవాటైన హిందీలో అరవబోయి, లోపల నిద్రపోతున్న నాన్న గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఆ ఊళ్లోని తెలుగు సంఘం పెట్టిన ఫొటోల పోటీకి పంపించాల్సిందేనని పట్టుబట్టింది. పంపించింది మాత్రం లక్ష్మీప్రసాద్. నిద్ర లేచి, టీ తాగుతూ, పెళ్లాం చేత తన ఫోనుకి ఆ ఫొటో పెట్టించుకుని మరీ పంపించాడు.

ప్రదర్శన రోజు సంఘం హాల్లో ఆ ఫొటో కింద లక్ష్మీప్రసాద్ అని అచ్చు వేసి ఉంది. తప్పు చదివానేమోనని రజనీకుమారి మళ్లీ చదివింది.

"ఇదేటండీ, మీ పేరుంది?"

"సంఘంలో మెంబర్ని నేను కదేటి? క్వార్టరు నా పేరునే, మెడికల్ కార్డు నా పేరునే. ఫొటో కూడా ఉంటే ఏటయిపోయింది? లైట్ తీస్కో రజనీ!"

లైట్ తీస్కో! అత్తగారు నలుగురిలో తూలనాడినప్పుడూ అదే మాట, ఒళ్లు కాలిపోతుంటే వంట చేసినప్పుడూ అదే మాట. ఇన్నేళ్లూ అలాగే తీసుకుంది. ఇవాళ మాత్రం ఆ మాట గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. లైటు తీసుకున్నది నేనే కదయ్యా మహానుభావా, అనుకుంది. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక కుర్చీలో కూలబడింది.

రాయ్‌పూర్ నుంచి న్యాయనిర్ణేతగా వచ్చిన శ్యామసుందర్ మైకు అందుకున్నాడు. "మొదటి బహుమతి ఈ ఫొటోకి. ఇందులో వెలుతురొక్కటే చూడకండి. ఎంత చీకటిని ముట్టుకోకుండా వదిలేశారో అది చూడండి. ఆ చీకట్లో మసలినవాళ్లకి తప్ప ఇంకొకరికి అది చేతకాదు," అన్నాడు. రజనీకుమారి కుర్చీలో ముందుకి జరిగింది. తన వంటింట్లోకి తొంగిచూసిన మొదటి మనిషి ఇతనే అనిపించింది. కానీ ఆయన ఆ మాటలు చెబుతున్నది పక్కన నిలబడ్డ లక్ష్మీప్రసాద్ మొహంలోకి చూస్తూ.

"ఎలా తీశారండీ?" అని అడిగాడాయన.

"ఏటుందండీ, కర్టెన్ కాస్త జరిపేనండి, లైటొచ్చేసింది," అన్నాడు లక్ష్మీప్రసాద్. ఆ వేళకి ఈ మారాజు లోపలి గదిలో గురక పెడుతున్నాడు!

శాలువా కప్పారు, జ్ఞాపిక చేతికిచ్చారు. లక్ష్మీప్రసాద్ కళ్లు ముందు వరసలో వెతికాయి.

"రజనీ! ఇలాగొచ్చి ఒక ఫొటో తియ్యి. బాగా తియ్యాల, మొహం మీద నీడ పడనీకు!"

హాలంతా ఇటు తిరిగింది. తనే తీద్దామని అమ్ము లేవబోతే, రజనీకుమారి కూతురి మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టి తను లేచింది. గొంతులో కోపం కూడా లేదు, మారు వడ్డించనా అని అడిగినట్టే ఉంది. కాకపోతే రోజూ పిల్లలకి పాఠాలు చెప్పే గొంతు కాబట్టి, మైకు లేకపోయినా చివరి వరస దాకా వినబడింది.

"మీరే తీసుకోండి. ఫొటోగ్రాఫరు మీరే కదా."