బండ పలికిందన్నవాడు

రుక్కమ్మ జొన్నరొట్టెలు మూట కడుతుంటే నర్సప్ప పగిలిన అద్దం ముక్క ముందు కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. చూపు మాత్రం అద్దంలో కదులుతున్న బిడ్డ పెదాల మీదే ఉంది. రెండేళ్లకు పైగా అతనికి చెవులు వినిపించడం లేదు. పరాకు మనిషని రుక్కమ్మ అనుకునేది, తన తల్లి పోయాక దిగులుతో అది ముదిరిందనుకుంటోంది. అతనూ అలాగే అనుకోనిచ్చాడు.

“పాత పని ఎందుకు ఇడిసిపెట్టినవని అడుగుతరు నాయినా. గనిల నీళ్లూరినయ్, పని బందైందని చెప్పు. అమ్మ పోయిన దిగులుతోని మానుకున్ననని చెప్పకు.”

తలూపాడు. వికారాబాదులో ఆడపిల్లల బడికి గంట కొట్టి గేటు కాసే మనిషి కావాలట. ఆ కొలువు దొరక్కపోతే సోమవారం నుంచి రుక్కమ్మ గనికి పోవాలి, తల్లి జాగాలో, ఆడవాళ్ల వరసలో బండలు మోయాలి. తనకు ఈ కొలువు దొరక్కపోతే ఇంట్లోంచి ఒకరు వస్తారని గని యజమానికి మాట ఇచ్చేశాడు మరి. పదహారేళ్ల పిల్ల, మెడ ఇంకా సన్నగానే ఉంది.

చదువు లేదు, చూపించడానికి కాగితం ముక్క లేదు. అందుకని తన చిన్న సుత్తిని సంచిలో పెట్టుకుని తాండూరులో పొద్దుటి ప్యాసింజరెక్కాడు. ఇరవై ఏళ్లు ఆ సుత్తితోనే నాపబండలను తట్టి చూశాడు. మంచి బండ ఖంగుమంటుంది, లోపల నెర్రె ఉంటే ఓటికుండలా మోగుతుంది. “పలికింది” అని నర్సప్ప అంటే తప్ప ఆ గనిలో ఏ ఆడమనిషీ బండను తలకెత్తుకునేది కాదు. యజమాని మాటకైనా సణిగేవాళ్లు గానీ ఆ ఒక్క మాటకు ఎదురు లేదు. ఆ గొప్ప అతని నెత్తికి కాస్త ఎక్కింది కూడా, లేదనడమెందుకు.

పెద్ద పంతులమ్మ అరుణాదేవి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన గుమాస్తా యోహాను కూర్చుని ఉన్నాడు.

“ఆ పని ఎందుకు ఇడిసిపెట్టినవ్?” అని ఆమె పెదాలు కదిలాయి.

“గనిల నీళ్లూరినయమ్మా. బందైంది.”

ఆమె ఏదో రాసుకుని తలెత్తింది. “సరే. సోమవారం నుంచి రా.”

నర్సప్పకు ప్రాణం లేచొచ్చింది. ఇంత సులువా అనుకున్నాడు. దండం పెట్టబోతుండగానే యోహాను కుర్చీ తోసుకుని బయటికి పరుగెత్తాడు. అరుణాదేవి గబుక్కున కిటికీ వైపు తిరిగింది. ఆవరణలో ఓ చిన్నపిల్ల మెట్ల మీంచి పడి ఏడుస్తోంది. ఆ ఏడుపు వాళ్లిద్దరికీ వినిపించింది. నర్సప్పకు తెరిచిన నోరు మాత్రమే కనిపించింది.

పిల్లకు మోకాలు గీరుకుపోయిందంతే. అయినా నర్సప్ప ఎత్తిన చేతులు దించేశాడు. సంచిలోంచి సుత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

“నీళ్లు రాలేదమ్మా. అబద్ధం చెప్పిన. నాకు చెవులు ఇనరావు. చెప్తే పనికెల్లి తీసేస్తరని దాచిన. ఎడమచెయ్యి బండ మీద పెట్టి కొడితే వణుకు తెలుస్తుండె, దాంతోనే నెట్టుకొచ్చిన. మొన్న పుష్యమాసంల మస్తు చలి. చెయ్యి మొద్దువారింది. ఏం తెల్వలే. అయినా పలికిందన్న.”

ఆమె కలం కింద పెట్టింది.

“మా ఇంటిదానికి, హన్మమ్మకు, నేనే తలకెత్తిన. నా దిక్కు చూసి నవ్వింది. ఒడ్డెక్కుతుంటే బండ సగానికి ఇరిగింది. దాంతోని ఆమె గూడ గనిలకు పడ్డది. గంటసేపు గూడ బతకలేదమ్మా.”

గనిలో అందరూ తలరాత అన్నారు, అతన్ని ఓదార్చారు. ఆ ఓదార్పే ఏడు నెలలుగా అతన్ని తినేస్తోంది.

“గంట కొట్టుడు నాతోనైతది. గేటు కాడ పిల్ల మొత్తుకుంటే ఇనరాదు. గీ పని నాకియ్యకు. నా బిడ్డకు చెవులు మంచిగున్నయ్, దానికియ్యి.”

అరుణాదేవి బల్ల మీదికి వంగింది. పెదాలు అతనికి కనపడేలా నెమ్మదిగా అంది. “తోలుకరా. మరి నువ్వేం జేస్తవ్?”

“గని యజమానికి ఇంటికెల్లి ఒకరొస్తరని మాటిచ్చిన. బండలు మోస్త.”

సుత్తి తీసుకుపొమ్మని ఆమె సైగ చేసింది. అతను తల అడ్డంగా ఊపాడు. “గంటకు పనికొస్తదమ్మా. నేనింక దాన్ని పట్ట.”

దండం పెట్టి వెళ్లిపోయాడు. గంట కొట్టే వేళ కావడంతో, తిరిగొచ్చిన యోహాను ఆ సుత్తి తీసుకుని వరండాలో వేలాడుతున్న రైలుపట్టా ముక్క మీద కొట్టాడు. ఖంగుమంది. ఆవరణలో పిల్లలంతా ఒక్కసారి ఇటు తిరిగారు. గేటు దాటుతున్న నర్సప్ప మాత్రం తిరగలేదు.

యోహాను తిరిగి తెచ్చిన సుత్తిని అరుణాదేవి చేతిలోకి తీసుకుంది. ఇరవై ఏళ్లుగా ఒకే బొటనవేలు ఆని కర్రపిడి మీద గుంట పడింది, ఆ గుంట చెమటకు నల్లబడి ఉంది.