ఎనిమిదో విడతకు ఎన్ని ఎర్ర బిళ్లలు

1983 మే 11, బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు, పుంగనూరులో గోపాలస్వామి కట్టిస్తున్న ఇంట్లో ఇరవై నాలుగు ఎర్ర బిళ్లలు తక్కువ పడ్డాయి.

గోపాలస్వామి ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన అయ్యవారు. హాలు నేలకు పదిహేను వరసలు, వరసకు పదిహేను మొజాయిక్ బిళ్లలు పడతాయి. అందులో ఒక పువ్వు వేయించాలనుకున్నాడు. నడిమధ్యన ఒక ఎర్రది, అది మొదటి విడత. ఆపైన ప్రతి విడతలోనూ, నాలుగు పక్కల్లో ఒక్క పక్కే ఎర్రది ఆనుకున్న చోటల్లా ఎర్రది వెయ్యాలి. రెండు పక్కల ఆనుకుంటే తెల్లదే. ఎనిమిది విడతలకు గోడ వస్తుంది.

గ్రాఫు కాగితం మీద ఏడు విడతలు గీశాడు. మొత్తం ఎర్రవి వరసగా 1, 5, 9, 21, 25, 37, 49 వచ్చాయి. చివరి రెండుసార్లూ పన్నెండే పెరిగాయి కాబట్టి ఎనిమిదోది గీయలేదు. అరవై ఒకటి ఎర్రవి, నూట అరవై నాలుగు తెల్లవి మదనపల్లె నుంచి తెప్పించాడు.

భార్య సరస్వతమ్మ అడిగింది వేరే. వంటింట్లో నిలబడి వండుకునే గట్టు. ఆమెకు మోకాళ్ల నొప్పులు.

"మా అమ్మ కూర్చోనే వండింది" అనేవాడు గోపాలస్వామి. ఆమె వదల్లేదు. చివరికి మేస్త్రీ గోవిందప్ప ఎదుటే అనేశాడు: "నా లెక్కలో ఒక్క బిళ్ల తేడా వచ్చినా గట్టు కట్టిస్తా, పో!"

గోవిందప్ప సిమెంటు వెయ్యక ముందు బిళ్లలు పొడిగా పరిచి చూస్తాడు. తక్కువ పడింది అప్పుడే.

"అయ్యోరా, ఎనిమిదో విడతకు పక్కకు తొమ్మిది పడతాండాయి. మీరు తెచ్చిండేవి మూడేసే వస్తాయి."

"నువ్వు యాడో తప్పు పరిచినావు."

"మీరే సూసుకోండప్పా."

గోపాలస్వామి పంచె ఎగగట్టి, మోకాళ్ల మీద వంగి, నడి బిళ్ల నుంచి గోడ దాకా ఒక్కొక్కటీ తాకి చూశాడు. గంట పట్టింది. తప్పు దొరకలేదు.

"ఏడో విడతకే ఆపెయ్" అన్నాడు.

"ఆపితే బిళ్లలు సాలక ఆపినారంటారు."

లేవబోతే మోకాలు పట్టేసింది. గోవిందప్ప చంకల కింద చేతులు వేసి లేపాడు.

గడపలో సరస్వతమ్మ నిలబడి ఉంది. "గంటకే ఇట్లయితే, మూడు పూట్లా వంగి లేసేదాని సంగతేంది?"

"లెక్క తప్పు కాదే. ఎనిమిదోది గీయలేదు, అంతే."

"గీయనిదానికి పందెం యాల కాసినారు?"

గోవిందప్ప టేపు తీసుకుని వంటింట్లోకి నడిచాడు.

గురువారం గోపాలస్వామి బస్సెక్కి మదనపల్లె పోయి ఇరవై నాలుగు ఎర్రవి తెచ్చాడు. మిగిలిపోయే తెల్లవి వెనక్కి తీసుకోమని షాపులో అడిగాడు. తీసుకోం అన్నారు. శుక్రవారం హాలు పూర్తయింది. ఎర్రవి ఎనభై ఐదు, తెల్లవి నూట నలభై. తర్వాతి మంగళవారం వంటగట్టు పూర్తయింది. పొడవు పది అడుగులు. వరసకు పన్నెండు చొప్పున రెండు వరసలు, అన్నీ తెల్లవి.