ఒంటివెచ్చన

రాగి తొట్టిలో నీళ్ళు మరగకూడదు, గొణగాలి. షిగెయో ఆ గొణుగుడు కోసం చెవి ఒగ్గి, మంట తగ్గించి, మెడదాకా సాకే, అదే బియ్యపు సారా, పోసిన పింగాణీ బుడ్లను ఒక్కొక్కటిగా నీళ్ళలోకి దించింది. పొద్దున్న తొమ్మిదిన్నర. బయట మంచు పడుతోంది. రేవులో ట్యూనా చేపల వేలం ముగిసింది. ఇంకో పావుగంటలో తలుపు దగ్గర రబ్బరు బూట్ల చప్పుడు మొదలవుతుంది. ఊరంతా పనిలోకి దిగే వేళకి షియొగామా రేవులో వాళ్ళకి పని అయిపోయి దాహం వేస్తుంది. ఆ దాహానికే ఈ కొట్టు.

ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. వంగి వంగి నడుము ముందుకు వాలిపోయింది. చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉంటాయి, వేళ్ళ కొసలు ముడతల్లేకుండా నున్నగా ఉంటాయి. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమె పని ఒక్కటే, సాకే వెచ్చబెట్టడం. వంటగదికీ కొట్టుకీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. వెచ్చని బుడ్డి అందులోంచి బయటికి వెళుతుంది, ఖాళీది లోపలికి వస్తుంది. ఆమె చేతుల్ని గుర్తుపట్టినంత తేలిగ్గా తాగేవాళ్ళు ఆమె మొహాన్ని గుర్తుపట్టలేరు.

చల్లటి సాకే పిసినారి, ఏమీ ఇవ్వదు. కాస్త ఎండ తగిలినంత వెచ్చబడితే వాసన లేస్తుంది. ఒంటివెచ్చనకి వచ్చేసరికి బియ్యపు తీపి నాలుక మీద పరుచుకుని, మింగాక కూడా కాసేపు గొంతులో ఉంటుంది. అది దాటిందా, ఇక పొగరే. ముక్కుకి కొడుతుంది, నాలుక చుర్రుమంటుంది, తీపి కాస్తా మాయం. తర్వాత ఎంత చల్లార్చినా అది పూర్తిగా తిరిగిరాదు. ఈ తేడాలన్నీ షిగెయో చిటికెన వేలికి తెలుసు. బుడ్డి పైకెత్తి అడుగున ఆ వేలు ఆనిస్తే చాలు. వేలం దగ్గర చేపలు తూచే ఓయికావాకి ఒంటివెచ్చన కావాలి. ఐసు మోసేవాళ్ళకి చురుక్కుమనాలి. ఎవరూ నోరు తెరిచి అడగక్కర్లేదు.

ఇదంతా చేమంతులు పూసేదాకా మాట. అప్పటినుంచి వేళ్ళ కొసలకి స్పర్శ లేదు. డాక్టరు నరాలన్నాడు, ఇక తిరిగి రాదన్నాడు. ఆమె మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు. చెబితే పాపం అంటారు, కూర్చోబెడతారు. మొగుడు పోయి ఇరవయ్యేళ్ళు, పిల్లల్లేరు. ఈ తొట్టి పక్కన నిలబడకపోతే తను ఎవరో ఆమెకే తెలియదు. ఆమెకి భయం వేసింది.

అందుకని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒక్క బుడ్డికి నూట నలభై. రెండు దించితే నూట అరవై. మూడు నెలలుగా ఎవరూ ఒక్క మాట అనలేదు. గుట్టు దాగిందనే అనుకుంది. ఒకటే అర్థం కాలేదు. తాగేవాడు ఒక్కడే అయినా కడగడానికి గిన్నెలు రెండేసి వస్తున్నాయి.

ఆ రోజు ఓ పెద్ద పడవ నిండా ట్యూనా వచ్చింది. కొట్టు కిక్కిరిసింది. ఎనిమిది బుడ్లు ఒక్కసారే దించాల్సి వచ్చింది. నూటా ఇరవై రెండు దగ్గర ఉండగా కొట్టు యజమాని మొరియో కిటికీలోంచి తల పెట్టాడు. చిన్నప్పుడు ఆమె చేతి ముద్దలు తిని పెరిగినవాడు, ఇప్పుడు నలభై దాటాయి.

"పిన్నీ, ఇంకో మూడు. సెండాయ్ నుంచి ఎవరో కొత్తాయన వచ్చాడు, ఆయనకి ఒంటివెచ్చనట."

"సరేలేరా, వెళ్ళు."

లెక్క పోయింది. షిగెయో బుడ్డి ఎత్తి చిటికెన వేలు ఆనించింది. ఏమీ తెలియలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ ఆనించింది. చివరికి ఉజ్జాయింపున తీసి, తుడిచి, కిటికీలో పెట్టింది. ఒకటి ఓయికావాకి, ఒకటి ఆ కొత్తాయనకి.

"అబ్బా!" కొట్టులోంచి కేక వినిపించింది. "నాలిక కాలిపోయింది! ఒంటివెచ్చనంటే ఇదా? జ్వరమొచ్చినోడి ఒళ్ళు కూడా ఇంత కాలదు!"

మొరియో ఆయన ముందు వంగి వంగి క్షమాపణలు చెబుతున్నాడు. షిగెయో కిటికీలోంచి తొంగిచూసింది. ఓయికావా చేతుల్లో రెండు గిన్నెలున్నాయి. సాకేని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోసి చల్లార్చుకుంటున్నాడు. అతని పక్కవాడూ అంతే, ఆ పక్కవాడూ అంతే. ఆమెని చూసి ముగ్గురూ ఆగిపోయారు. బెల్లం దొంగిలిస్తూ దొరికిపోయిన పిల్లల్లా ఉన్నారు.

ఆమె మంట ఆర్పేసి, చేతులు తుడుచుకుని, తెర తప్పించుకుని ఇవతలికి వచ్చింది. ఎవరో ఆమెకి ఎత్తు పీట జరిపారు. కూర్చోలేదు.

"ఎప్పట్నుంచి?"

"ఏవిటండీ?" అన్నాడు ఓయికావా.

"ఆ రెండో గిన్నె."

ఓయికావా మొరియో వైపు చూశాడు. మొరియో నేల వైపు చూశాడు.

"చేమంతులప్పట్నుంచండీ."

"చెప్పొచ్చుగా?"

"చెప్తే మానేస్తారని."

"చెప్పకపోతే బాగైపోతుందనుకున్నారా? మూడు నెల్లు నాచేత పాడుచేయించి తాగారు కదయ్యా! ఇంత చలిలో నిద్రమానుకుని దీన్ని పులియబెట్టినవాడికి నేను మొహం ఎలా చూపించను?"

"అంత పాడేం కాలేదులెండి, బాగానే..."

"ఊరుకోండి. ఒంటివెచ్చన కాకపోతే మీ మొహం ఎట్లా వంకర పోతుందో నాకు తెలీదూ?"

ఎవరో నవ్వి, చప్పున ఆపుకున్నారు. షిగెయోకి సిగ్గేసింది, కోపమొచ్చింది. ఇంతమంది తన కోసం నాలుక కాల్చుకున్నారని తెలిసి ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ళూ గుట్టు దాచింది తను కాదు, వాళ్ళు.

"పిన్నీ," మొరియో దగ్గరికొచ్చాడు. "రేపు థర్మామీటరు కొనుక్కొస్తా. గీత చూసి తీద్దువుగాని."

"గీత చూడ్డానికి నేనెందుకురా?" అంది. తర్వాత నెమ్మదిగా పీట మీద కూర్చుంది. "వెళ్ళి నువ్వు వెచ్చబెట్టు. నాకే. ఒంటివెచ్చన."

మొరియో లోపలికి వెళ్ళాడు. తాగేవాళ్ళంతా గిన్నెలు కింద పెట్టేశారు. కాలిన నాలుకాయన కూడా కదలకుండా చూస్తున్నాడు. చాలాసేపటికి మొరియో బుడ్డిని రెండు చేతులా పట్టుకుని తెచ్చాడు. ఆ రేవులో ఎవరి గిన్నె వాళ్ళు నింపుకోరు. ఓయికావా పోశాడు.

షిగెయో రెండు చేతులతో గిన్నె ఎత్తి, ముందు వాసన చూసి, ఓ గుక్క నాలుక మీద నిలిపింది. కిటికీకి ఇవతల కూర్చుని తాగడం ఇదే మొదలు. బియ్యపు తీపి నెమ్మదిగా విచ్చుకుంది. మింగింది. నాలుకకి మాత్రం అన్నీ తెలుస్తున్నాయి.

"రవ్వంత ముందు తీశావు. ఫర్వాలేదు. వేలు అడుగున మధ్యలో పెట్టకు, అంచున పెట్టు. అక్కడే సరిగ్గా తెలుస్తుంది."

"అట్టాగే పిన్నీ."

గిన్నె ఖాళీ చేసింది. ఓయికావా మళ్ళీ నింపాడు. మర్యాద ప్రకారం ఆమె బుడ్డి అందుకుని అతని గిన్నె నింపింది. వేళ్ళు పట్టుకున్నాయో లేదో కళ్ళతో చూసుకుంటూ, ఒక్క చుక్క ఒలకకుండా అంచుదాకా పోసింది. అతను తాగేదాకా ఆగి మొహం చూసింది. వంకర పోలేదు.

"వస్తానండీ" అని లేచింది. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి, వంటగది వెనక తలుపు కాకుండా, వీధి తలుపులోంచి మంచులోకి వెళ్ళింది. ఎవరూ ఆపలేదు. కాసేపు గాలి పీల్చుకుని వస్తుందిలే అనుకున్నారు. ఆ మధ్యాహ్నం బండికే ఇషినొమాకిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయిందని వారం తర్వాత తెలిసింది.

ఆ పూట ఆమె కూర్చున్న చోట, ఓయికావా రెండోసారి నింపిన గిన్నె నిండుగా అలాగే ఉంది. దాని మీద ఆవిరి ఆగిపోయింది. మొరియో బల్లంతా తుడిచాడు, గిన్నెని కదపకుండా దాని చుట్టూ తుడిచాడు.