ఉప్పు పట్టిన బోల్టులు

తూత్తుకుడి రైల్వే స్టేషన్ ముందు టాక్సీల వరసలో ఆడమనిషి నడిపే కారు ఒక్కటే. అది మెటిల్డాది. మొగుడు లూర్దు మాల్దీవులకు సరుకు మోసే తోణి పడవ మీద పని చేస్తాడు. ఎప్పుడు తిరిగొస్తాడో గాలికే తెలియాలి. ఇల్లు నడిచేది ఆ కారు మీదే.

ఎండలు ముదిరిన వేళ కారు ఏసీ మొండికేసింది. బండి పరుగెడితే చల్లగాలి, ఆగితే సెగ. ముందువైపు ఫ్యాన్ మోటారు కాలిపోయిందని మెకానిక్ ఇసక్కిముత్తు తేల్చాడు. ఒక బోల్టుకు స్పానర్ తగిలించి బలంకొద్దీ తిప్పాడు. బోల్టు కదల్లేదు, దాని తల మాత్రం అరిగి గుండ్రంగా తయారైంది.

"ఉప్పుగాలికి అన్నీ బిగుసుకుపోయాయక్కా. బండి అమ్మేసి హాయిగా ఇంట్లో కూర్చో. మా బావమరిది కొంటాడు."

"నీ బావమరిది ఎక్కితే అవి వాటంతటవే ఊడొస్తాయా?" అంది మెటిల్డా.

స్టాండు పెద్ద సగాయం అక్కడే ఉన్నాడు. "ఏసీ లేని బండి సోమవారం నుంచి వరసలో పెట్టొద్దు. స్టాండుకు చెడ్డపేరు."

"నీ బండిలో బీడీ కంపుకు మంచిపేరొస్తోందా, అణ్ణాచ్చి?"

కొత్త మోటారు కొని, సీట్లో పడేసుకుని ఇంటికి వచ్చేసింది.

ఆమె తండ్రి మరపడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఉప్పు తిన్న బోల్టును ఎలా బుజ్జగించాలో చూస్తూ పెరిగిన పిల్ల ఆమె. బ్యాటరీ తీగ విప్పి, ముందు జాలీ ఊడదీసింది. తీగబ్రష్‌తో తుప్పు గీకి, కిరసనాయిలులో ఇంజన్ ఆయిల్ కలిపి ప్రతి బోల్టు మెడ దగ్గరా చుక్కలు వేసింది. చిన్న సుత్తితో తట్టి ఊరుకుంది.

అత్త అన్నమ్మాళ్ వాకిట్లో పీట వేసుకుని చూస్తోంది. "మంట పెట్టి కాల్చరాదూ? తొందరగా వదులుతుంది."

"పక్కనే గ్యాసు గొట్టం ఉందత్తా. అది పగిలితే ఏసీ ఉండదు, మీకు కోడలూ ఉండదు."

"ఏసీ లేకపోతేనే కష్టం," అంది ముసలామె.

రాత్రంతా నానిన బోల్టులను ఆదివారం చర్చిలో పూజ అయ్యాక పట్టింది. ముందు కాస్త బిగించే వైపు తిప్పింది, ఆ తర్వాతే వదులు చేసే వైపు. కిర్రుమన్నాయి. ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, మళ్ళీ నూనె చుక్క వేస్తూ, ఒక్కొక్కటే బయటికి లాగింది. మిగిలింది ఇసక్కిముత్తు తల అరగదీసిన బోల్టు. ఆకురాయితో దానికి రెండు వైపులా చదును చేసి, పట్టకారుతో బిగించి పట్టింది.

సరిగ్గా అప్పుడే చర్చి నుంచి వస్తున్న సగాయం వాకిట్లో ఆగాడు. అతని ముందే బోల్టు తల టప్పున తెగిపోయింది.

"సోమవారం వరస సంగతి చెప్పానుగా?" అన్నాడు నవ్వుతూ.

మెటిల్డా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతిలో తెగిన ముక్కను చూసింది. తల పోయింది, అంటే దాని కింద ఇరుక్కున్న ఫ్యాన్ చట్రం విడిపోయినట్టే. లోపల మిగిలిన మొండెం సంగతి చూడాలి. పక్కింటి పడవలవాళ్ళ డ్రిల్లు అడిగి తెచ్చింది. వెనకున్న ఏసీ గ్యాసు జాలీకి దెబ్బ తగలకుండా అన్నమ్మాళ్ స్టీలు కంచం ఒకటి అడ్డం పెట్టి రెండు చేతులా పట్టుకుంది.

"కొంచెం పక్కకు జరుగు నాయనా," అంది ముసలామె సగాయంతో. "వెలుతురు రావట్లేదు."

డ్రిల్లు జారింది. మెటిల్డా మళ్ళీ పెట్టింది. మొండెం పొడిపొడిగా రాలిపోయాక కాలిన మోటారు స్థానంలో కొత్తది పెట్టి, ఆ బెజ్జంలోంచి కొత్త బోల్టు దూర్చి, వెనక నట్టు బిగించింది. సగాయం ఎప్పుడు వెళ్ళిపోయాడో ఇద్దరూ గమనించలేదు. బ్యాటరీ తగిలించి, ఇంజన్ నడిపి ఏసీ వేయగానే ఫ్యాన్ గిర్రున తిరిగింది. అన్నమ్మాళ్ ఆ గాలికి మొహం పెట్టబోయి, "ఇది వేడిగా ఉందేమే?" అంది.

"చల్లగాలి లోపలత్తా. ఎక్కి కూర్చోండి."

సోమవారం అందరికన్నా ముందొచ్చి వరస మొదట్లో కారు నిలబెట్టింది. సగాయం వచ్చి, అడక్కుండానే తలుపు తీసి వెనక సీట్లో కూర్చున్నాడు. ఆమె ఇంజన్, ఏసీ వేసి అద్దాలెత్తింది. కారు కదలకుండా అక్కడే ఎండలో నిలబడి ఉంది. అతని నుదుటి మీద చెమట నెమ్మదిగా ఆరింది.

"చల్లగా ఉందా అణ్ణాచ్చి?"

"ఊఁ."

"అయితే దిగు. రైలొచ్చింది."