అమృత రాసిన ఇంగ్లీషు అర్జీ

పోశంను పోలీసులు పట్కపోయి అప్పటికి మూడు రోజులు. అడివిలున్న నక్సలైటు అన్నలకు అన్నం పెట్టిండని అనుమానం. ఇబ్రహీంపట్నంల బాపు రావు దొర పసుపు చేన్ల నీళ్లు కడుతున్నోణ్ణి కట్టుబట్టలతోటే జీపెక్కించిండ్లు. ఏ ఠాణాల ఉన్నడో, ఎట్లున్నడో చెప్పినోళ్లు లేరు.

జగిత్యాలకు కొత్తగ వచ్చిన పోలీసు ఆఫీసరుకు తెలుగు రాదని, ఇంగ్లీషుల అర్జీ పెడితే చదువుతడని ఊర్లె అన్నరు. ఆ వాడకట్టుల ఇంగ్లీషు వచ్చింది పోశం చెల్లె అమృతకొక్కదానికే. కోరుట్లల ఇంటరు చదువుతుంది. నోటుబుక్కుల కాయితం చింపి, బడిల నేర్చిన సూత్రం పట్టుకొని రాసింది. విశేషణం చివర 'లీ' తగిలిస్తే క్రియా విశేషణమైతది. స్లో అంటే నెమ్మదైన, స్లోలీ అంటే నెమ్మదిగ. గట్లనే, అన్న కష్టపడి పనిజేస్తడనేటందుకు 'హార్డ్‌లీ' అని రాసింది. అన్నం పెట్టిండంటున్న రోజు చేన్లకెల్లి ఆలస్యంగ ఇంటికొచ్చిండనేటందుకు 'లేట్లీ' అని రాసింది.

"నేను సుత వస్త అవ్వా" అన్నది.

"ఈడొచ్చిన పిల్లవు, ఠాణాల పొంటి తిరుగుడు నీకెందుకు? కాలేజీకి పో" అని తల్లి నర్సక్క కాయితం కొంగున ముడేసుకొని పొద్దుగాల్నే బస్సెక్కింది.

కాలేజీల కూసున్నదన్నమాటే గని అమృతకు పానం నిలుస్తలేదు. కిటికీల కెల్లి సడక్ దిక్కే చూస్తుంది. ఇంగ్లీషు చెప్పే సుధాకర్ రావు సారు బోర్డు మీద రాస్తూ చెప్తున్నడు.

"ఎట్లాంటిది అని అడిగితే విశేషణం. ఎట్ల జేసిండు అని అడిగితే క్రియా విశేషణం. గని అన్నిటికీ 'లీ' తగిలియ్యొద్దు. హార్డ్, లేట్ ఉన్నయి సూడు, ఇవి ఉన్నదున్నట్టే రెండు పనులు జేస్తయి. 'లీ' పెడితే అర్థమే మారుతది."

అమృత లేచి నిలబడ్డది. "హార్డ్‌లీ పనిజేస్తడంటే ఏంది సార్?"

"పనే జేయడన్నట్టు."

"లేట్లీ ఇంటికొచ్చిండంటే?"

"ఈ మధ్యనే వచ్చిండని. అప్పటిదాంక ఇంకెక్కడనో ఉన్నట్టు."

అమృతకు అర్జీల రాసింది యాదికొచ్చింది. పనిజేయడు, ఈ మధ్యనే ఇంటికొచ్చిండు. అడివిలకెల్లి వచ్చినోని గురించి పోలీసోళ్లు రాసుకునే మాటలే, తన చేతిరాతతోటి. సారు పిలుస్తున్నా ఆగకుంట బస్టాండుకు ఉరికింది.

జగిత్యాల బస్సు ఎంతకూ కదల్లే. కదిలినంక నడుమ పోలీసులు ఆపి ఒక్కొక్కల సంచి విప్పి చూసిండ్లు. ఆమె మటుకు సీట్ల కూసోలేక కడ్డీ పట్టుకొని నిలబడే పోయింది.

పోలీసు ఆఫీసు గేటుకాడ నర్సక్క గోడనీడకు కూసున్నది.

"ఇచ్చినవా అవ్వా?"

"ఇచ్చిన బిడ్డా. లోపటికి తీస్కపోయిండ్లు."

గేటుకాడి కానిస్టేబుల్ దుర్గయ్య అడ్డం నిలబడ్డడు. "ఇచ్చిన అర్జీ వాపస్ రాదు. పోండ్లి."

"వాపస్ వద్దు, తప్పు దిద్దుత! నన్ను పోనియ్యి!" అమృత గొంతు ఆమెకే కొత్తగ వినబడ్డది. లోపటి నుంచి ఎవరో ఆ లొల్లి ఏందని అడిగి ఆమెను రమ్మన్నరు.

ఆఫీసరు ముందట అర్జీ ఉన్నది. ఆ రెండు మాటల కింద ఎర్ర పెన్సిలుతో గీతలున్నయి. "తప్పు నాది సార్. మా అన్నది కాదు" అని వచ్చీరాని ఇంగ్లీషుల చెప్పింది. ఆయన తెల్లకాయితం ఆమె దిక్కు జరిపిండు. నిలబడే మళ్ల రాసింది. చదివిండు, నవ్వలే, కోపం చెయ్యలే. పొమ్మని చెయ్యూపిండు.

ఇంకో ఆరు రోజులకు పోశంను కోరుట్ల బస్టాండుల దించిపోయిండ్లు. అర్జీతోటి ఇడిచిండ్లా, దొర చెప్తే ఇడిచిండ్లా ఎవరూ చెప్పలే. దెబ్బలకు అరికాళ్లు వాచి నేల మీద ఆనుతలేవు.

"ఏం రాసినవ్ చెల్లె?" అని మంచంల పండుకొని అడిగిండు.

"కష్టపడి పనిజేస్తవని."

"గది సుత ఇంగ్లీషుల చెప్పాల్నా?" అని గోడదిక్కు తిరిగిండు.

అన్న కాళ్లకు అమృత పసుపు పట్టు వేస్తుంటే సడక్ మీద జీపు చప్పుడైంది. నర్సక్క లేచి తలుపు గడియ పెట్టి, అది దూరం పోయేదాంక తలుపుకు ఆనుకొనే నిలబడ్డది.