బంతి మేడమ్

బంతి మీద మూడో గీత గీస్తూ ఆమె రోజూ చెప్పే మాటలే చెబుతోంది. బంతి మీద గీసిన త్రిభుజంలో కోణాలు కలిపితే నూట ఎనభై డిగ్రీలు దాటిపోతాయి. గుర్రపు జీను మీదైతే తగ్గుతాయి. చదునైన కాగితం మీద సరిగ్గా సరిపోతాయి. విశ్వం ఒంపునూ ఇలాగే కొలుస్తారు. కొలిచినంత మేర అది దాదాపు చదునుగానే కనిపిస్తోంది.

సైన్సు ప్రదర్శనశాలలో ఈ పాఠం చెప్పీ చెప్పీ పిల్లల నోట ఆమె ‘బంతి మేడమ్’ అయిపోయింది. నీలం కోటు వేసుకుని, మెడలో కార్డు తగిలించుకుంటే, పెద్ద చదువులు చదివినదానిలా కనిపిస్తానని ఆమె నమ్మకం.

ఈరోజు వెనక వరసలో అన్నయ్య కూర్చున్నాడు. అమ్మానాన్నలు పోయాక లారీల షెడ్డులో చేరి ఆమెను చదివించినవాడు. దూరాన ఏదో ఓడరేవులో పని దొరికింది, రేపు ప్రయాణం. మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. పని దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా మరకలు. పక్కనున్నావిడ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కాస్త జరిగి కూర్చుంది.

అతను చెయ్యెత్తాడు. “చదునుగా ఉంటే ఎక్కడో ఒకచోట అంచుండాలి కదే? అది దాటితే ఏముంటుంది?”

ఎవరో కిసుక్కున నవ్వారు. హాలంతా అందుకుంది. చదునుగా ఉన్నంత మాత్రాన అంచు ఉండక్కర్లేదని, ఎంత దూరం పోయినా తరగకుండా ఉండొచ్చని ఆమెకు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో ముందు వరసలోని టీచరమ్మ నవ్వాపుకుంటూ, “మీకు తెలిసినాయనా?” అని అడిగింది.

“కాదండీ,” అంది ఆమె.

ఆ మాట వెనకదాకా వినబడింది. అన్నయ్య చెయ్యి దించుకున్నాడు.

“పొరపాటున ‘కదే’ అనేశాను. ఏమనుకోకండి మేడమ్,” అన్నాడు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. అయినా పాఠం పూర్తిచేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

జనం కదిలేసరికి వెనక వరస ఖాళీ. ఆమె దాదాపు పరుగున గేటుదాకా వచ్చింది. టికెట్లిచ్చే అక్క కిటికీలోంచి పిలిచింది. అన్నయ్య రేపటిదాకా ఆగడంలేదట, ఈ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతున్నానని చెప్పమన్నాడట.

“లోపలికొచ్చే ముందు ఎంత మురిసిపోయాడనుకున్నావు! మా చెల్లెలి పాఠం వినడానికొచ్చానని లైన్లో ఉన్నవాళ్ళందరికీ చెప్పాడు,” అంది అక్క.

ఆమె ఫోను తీసింది. ముందు ఏ మాట అనాలో తోచక మళ్ళీ కోటు జేబులో పడేసుకుంది.

“ఇది నీకిమ్మన్నాడు. రోజంతా మాట్లాడి గొంతు పోతోందన్నావట.”

గొంతు బిళ్ళల చిన్న రేకు డబ్బా. మూత మీద నల్లటి బొటనవేలి ముద్ర. తుడవబోయి, ఇంకా అలికేసినట్టున్నాడు.